అధ్యాపక సంఘం మద్దతు ప్రకటిస్తే దాని అర్థమేమిటి?

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, మహారాష్ట్రలో ఉన్న సిరొంచాలోనూ, అక్కడి నుంచి అహేరి వరకు ఉన్న ఊళ్లలోనూ తెలుగు ఇంటిభాషగా ఉన్న అధ్యాపకులు ఎందరో ఉన్నారు. వారు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తరగతిలో మరాఠీలో పాఠం చెబుతారు, సంఘం పంపే బులెటిన్‌ను కూడా మరాఠీలోనే చదువుతారు. ఆ బులెటిన్ స్టాఫ్‌రూమ్‌కు వచ్చిన రోజున నేను గమనించిన విషయం ఒకటుంది: చాలామంది దాన్ని చివరి పుట నుంచి తెరుస్తారు. ఎవరు పదవీ విరమణ చేశారు, ఎవరికి పీహెచ్‌డీ వచ్చింది, ఎవరి ప్లేస్‌మెంట్ (పై వేతన శ్రేణికి మార్పు) ఫైలు ఆగిపోయింది, ఎవరు కాలం చేశారు అన్న సంగతులు అక్కడ చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఎన్నికల కాలంలో మొదటి పుటలో పెద్ద అక్షరాల్లో ఉండేది మాత్రం సంఘం ఎవరిని బలపరుస్తున్నదనే ప్రకటన. సభ్యుల వార్తలు వేరు, రాజకీయం వేరు అనుకుని ఈ రెండు పుటలనూ విడివిడిగా చదవడం మనకు అలవాటైపోయింది. మొదటి పుటలోని పేరు సరైనదో కాదో తేల్చుకోవడానికి చివరి పుటే ఆధారమని నేను నమ్ముతున్నాను. ఈ వ్యాసం ఆ నమ్మకంతోనే రాస్తున్నాను.

‘సంఘం మద్దతు’ అనే ఒకే మాట కింద మూడు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. సంఘం తన సభ్యుడినే అభ్యర్థిగా నిలబెట్టి, ఆ తరువాత పార్టీల మద్దతు కోరడం ఒక పద్ధతి. పార్టీ ఎంపిక చేసిన అభ్యర్థికి సంఘం వంత పాడడం మరొక పద్ధతి. ఎవరి పేరూ చెప్పకుండా, ఫలానా డిమాండ్లను ఒప్పుకున్నవారికే ఓటు వేయాలని సభ్యులను కోరడం ఇంకొక పద్ధతి. బయటి నుంచి చూసేవారికి మూడూ ఒకేలా కనిపిస్తాయి గానీ, సంఘానికీ పార్టీకీ మధ్య ఎవరి మాట చెల్లుతుందనేది మూడింటిలోనూ పూర్తిగా వేరు.

మహారాష్ట్రలో మొదటి పద్ధతికి ఇంత బలం రావడానికి కారణం రాజ్యాంగంలోనే ఉంది. శాసన మండలి ఉన్న రాష్ట్రాల్లో మండలి సభ్యుల్లో పన్నెండో వంతు మందిని ఉపాధ్యాయులు, మరో పన్నెండో వంతు మందిని పట్టభద్రులు ఎన్నుకోవాలని 171వ అధికరణం చెబుతుంది. 78 మంది సభ్యులున్న మహారాష్ట్ర విధాన పరిషత్తులో ఆ లెక్కన ఉపాధ్యాయులకు 7 స్థానాలు, పట్టభద్రులకు 7 స్థానాలు వచ్చాయి. మన గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాలు నాగపూర్, వర్ధా, భండారా, గోందియా జిల్లాలతో కలిసి నాగపూర్ డివిజన్ ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఉన్నాయి. ఆరు జిల్లాలకు కలిపి ఓటర్లు 40 వేలకు లోపే ఉంటారు. అంత చిన్న ఓటర్ల జాబితాలో ప్రతి కళాశాలకూ, ప్రతి ఉన్నత పాఠశాలకూ ఒక సభ్యుడిని పంపగల సంఘానికి ఉన్న పట్టు పెద్ద పార్టీలకు కూడా సులభంగా దొరకదు. పార్టీలు సంఘం గుమ్మం దగ్గరికి వచ్చేది ఇందుకే.

ఈ ఓటు హక్కు మిగతా ఓట్ల వంటిది కాదు. మాధ్యమిక పాఠశాల స్థాయికి తగ్గని విద్యాసంస్థలో, అర్హత తేదీకి ముందరి ఆరేళ్లలో కనీసం మూడేళ్లు బోధించి ఉండాలి. ఆ నియోజకవర్గంలో నివాసం ఉండాలి. అర్హత తేదీ నవంబరు 1. పాత జాబితా ఉన్నది కదా అని ఊరుకోవడానికి వీలు లేదు, ఎందుకంటే ప్రతి ఎన్నికకూ జాబితాను మొదటి నుంచి కొత్తగా తయారు చేస్తారు. 19వ నంబరు ఫారం నింపి, సంస్థ అధిపతి సంతకం చేసిన బోధనానుభవ ధ్రువపత్రం జతచేసి గడువులోగా ఇవ్వాలి.

మన తెలుగువారికి ఇక్కడొక చిక్కు ఉంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. మరాఠీ ఫారంలో ముందు సొంత పేరు, తరువాత తండ్రి పేరు లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు ఉండాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక వరుస, సేవా పుస్తకంలో మరో వరుస, ఆధార్‌లో పొడి అక్షరాలు మాత్రమే ఉంటే జాబితా తయారయ్యేసరికి అధ్యాపకుడి ఇంటిపేరే ఆయన పేరుగా, ఆయన పేరు తండ్రి పేరుగా మారిపోతుంది. నేను కొలువులో చేరిన కొత్తలో ఒక పెద్దాయన తన పేరు జాబితాలో వెతుక్కుంటూ అరగంట నిలబడి, చివరకు వాళ్ల నాన్నగారి పేరు కింద తన ఫొటో చూసి, ‘ఇదిగో, మా నాన్న మళ్లీ కొలువులో చేరాడు’ అన్నారు. అప్పటి నుంచి అక్టోబరులో నోటీసు రాగానే మా స్టాఫ్‌రూమ్‌లో తెలుగు పేర్లున్న ఫారాలన్నీ ఒకచోట పెట్టుకుని, వరుస సరిచూసుకున్న తరువాతే ఇస్తున్నాం. సంఘం చేసే పనుల్లో ఎవరి కంటికీ ఆనని పని ఇదే. నా దృష్టిలో మద్దతు ప్రకటన కన్నా ఇదే పెద్ద రాజకీయ కార్యం.

ఓటు వేసే తీరు కూడా సంఘాల బలాన్ని పెంచుతుంది. బ్యాలెట్ మీద గుర్తులు ఉండవు. ఎన్నికల సిబ్బంది ఇచ్చిన ఊదారంగు స్కెచ్‌పెన్‌తో పేరుకు ఎదురుగా 1 అని, ఇష్టమైతే తరువాతి పేర్లకు 2, 3 అని అంకెలు వేయాలి. టిక్కు పెడితే ఓటు చెల్లదు, అక్షరాల్లో ‘ఒకటి’ అని రాసినా చెల్లదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాష అంకెలైనా సమ్మతమే కనుక, నియమం ప్రకారం ‘౧’ అని తెలుగు అంకె వేసినా చెల్లుతుంది. మొదటి ప్రాధాన్య ఓట్లతోనే గెలవాలంటే చెల్లిన ఓట్లలో సగానికి పైగా రావాలి; ఎవరికీ రాకపోతే లెక్క కొనసాగుతుంది. అప్పుడు తక్కువ ఓట్లు వచ్చినవారిని తొలగిస్తూ వారి రెండో ప్రాధాన్య ఓట్లను మిగిలినవారికి కలుపుతారు. కాబట్టి సంఘం మద్దతు ‘మన అభ్యర్థి ఫలానా’ అనడంతో ముగియదు. రెండో అంకె ఎవరికి వేయాలి, అసలు వేయాలా వద్దా అన్నది సంఘాల మధ్య చివరి వారంలో జరిగే నిజమైన బేరం. ప్రకటనలో మొదటి అంకె గురించే ఉంటుంది. రెండో అంకె గురించి ఫోన్లలోనే చెబుతారు. నాకు ఈ పద్ధతి నచ్చదు. సభ్యుడి రెండో ఓటును సంఘం అడుగుతున్నప్పుడు అది కూడా కాగితం మీద, కారణంతో సహా ఉండాలి.

2023 జనవరి 30న జరిగిన నాగపూర్ ఉపాధ్యాయ స్థానం ఎన్నికను చూస్తే మొదటి పద్ధతి ఎలా నడుస్తుందో తెలుస్తుంది. అంతకుముందు రెండు సార్లు గెలిచిన నాగోరావ్ గాణార్ మహారాష్ట్ర రాజ్య శిక్షక్ పరిషద్ అభ్యర్థి. ఆయనకు భారతీయ జనతా పార్టీ మద్దతు ఇచ్చింది. విదర్భ మాధ్యమిక శిక్షక్ సంఘ్ తరఫున నిలబడిన సుధాకర్ అడబాలేకు అప్పటి ప్రతిపక్ష కూటమి మహావికాస్ అఘాడీ మద్దతు పలికింది. ఇద్దరూ సంఘాల మనుషులే, పార్టీలు వెనుక నుంచి వచ్చి చేరినవే. ఫిబ్రవరి 2న ఓట్లు లెక్కిస్తే అడబాలే గెలిచారు. ఆ ఎన్నికలో ప్రతి సభలోనూ వినిపించిన మాట పాత పింఛను. 2005 నవంబరు 1న గానీ ఆ తరువాత గానీ ఉద్యోగంలో చేరినవారికి మహారాష్ట్రలో అప్పటికి పాత పింఛను లేదు. ఎన్నిక ముగిసి ఆరు వారాలు గడవకముందే, మార్చి 14న, రాష్ట్ర ఉద్యోగులు, ఉపాధ్యాయులు అదే డిమాండ్ మీద సమ్మెకు దిగారు. ఓటు ఎటు పడిందనే ప్రశ్నకు పార్టీల పేర్లలో జవాబు వెతికినవారి కన్నా, బులెటిన్ చివరి పుటలో ‘పింఛను లేకుండా పదవీ విరమణ’ అన్న వార్తలు చదివినవారికే ఆ ఫలితం ముందుగా అర్థమై ఉంటుంది.

గోదావరి మీది వంతెన దాటి కాళేశ్వరం వెళితే మన చుట్టాలు, మనతో చదువుకున్నవారు అక్కడా ఉపాధ్యాయులుగా ఉన్నారు. 2025 ఫిబ్రవరి 27న వారూ ఇటువంటి ఓటే వేశారు. భూపాలపల్లి జిల్లాలో కొంత భాగం వరంగల్-ఖమ్మం-నల్గొండ స్థానంలో ఉంది. అక్కడ పీఆర్‌టీయూ అనే ఉపాధ్యాయ సంఘం అభ్యర్థి శ్రీపాల్ రెడ్డి, మరో సంఘమైన యూటీఎఫ్ మద్దతుతో పోటీ చేసిన అప్పటి సభ్యుడు నర్సిరెడ్డిని ఓడించారు. ప్రాణహితకు అవతల ఉన్న మంచిర్యాల జిల్లా కరీంనగర్ వైపు స్థానంలో ఉంది. అక్కడ భారతీయ జనతా పార్టీ అభ్యర్థిగా నిలబడిన విద్యాసంస్థల అధిపతి మల్క కొమరయ్య గెలిచారు. ఒకే రోజు, ఒకే రాష్ట్రంలో, ఒక చోట సంఘం మనిషి, మరో చోట పార్టీ అభ్యర్థి గెలవడం విశేషమే. ఉపాధ్యాయుల స్థానానికి ఉపాధ్యాయుడు కానివారు పోటీ చేయవచ్చా అని మన వైపు చాలామంది అడుగుతారు. పట్టభద్రుల స్థానంలో పోటీ చేసేవారు పట్టభద్రులై ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 1972లోనే, నారాయణస్వామి కేసులో, తేల్చి చెప్పింది. రాజ్యాంగం ఓటరుకు అర్హత పెట్టిందే గానీ అభ్యర్థికి పెట్టలేదన్నది ఆ తీర్పు సారాంశం. ఉపాధ్యాయ స్థానాలకూ ఇదే తర్కం వర్తిస్తున్నది. అందువల్ల అభ్యర్థి మనలో ఒకడా కాదా అన్న ప్రశ్నకు చట్టం జవాబివ్వదు, సంఘమే ఇవ్వాలి.

ఒడిశా సరిహద్దులో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఉన్న తెలుగు అధ్యాపకుల పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ శాసన మండలి లేదు. 49 మంది సభ్యులతో మండలి ఏర్పాటు చేయాలని ఒడిశా శాసనసభ 2018 సెప్టెంబరులో తీర్మానించినా అది కార్యరూపం దాల్చలేదు. కాబట్టి అధ్యాపకులకు ప్రత్యేక ఓటు లేదు. సంఘాల బలమంతా ధర్నాల్లోనూ, వినతిపత్రాల్లోనూ కనిపించాల్సిందే. 488 కేటగిరీ, 662 కేటగిరీ అని ప్రభుత్వ గ్రాంటు లెక్కలో విడదీసిన కళాశాలల అధ్యాపకులు ఏళ్ల తరబడి రోడ్డెక్కడం, విశ్వవిద్యాలయాల్లో నియామకాలను ఒడిశా పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు అప్పగించిన 2020 నాటి చట్ట సవరణ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2022లో స్టే పొందడం ఈ నేపథ్యంలోనివే. ప్రభుత్వ కళాశాలల్లో ఉన్నవారిని 1959 నాటి ప్రవర్తనా నియమావళి కూడా కట్టివేస్తుంది. కార్మిక సంఘాల నాయకుడిగా ఎదిగి రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి పుట్టింది బరంపురంలోనే, 1894లో. ఆ ఊరి తెలుగు అధ్యాపకులకు సంఘం అంటే ఏమిటో ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. వారి చేతిలో లేనిది ఓటు పెట్టె మాత్రమే.

ఇక డబ్బు సంగతి. ఎక్కువ అపోహలు ఉన్నది ఇక్కడే. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టంలోని 16వ సెక్షన్ సంఘం రాజకీయ వ్యయానికి వేరే నిధి పెట్టుకోవాలని చెప్పింది. అభ్యర్థి ఖర్చులు, ప్రచార సభలు, కరపత్రాలు మాత్రమే కాదు, ఓటర్ల నమోదు కూడా ఆ నిధి నుంచే జరగాల్సిన రాజకీయ ప్రయోజనాల జాబితాలో ఉంది. ఆ నిధికి చందా ఇవ్వాలని ఏ సభ్యుడినీ బలవంతపెట్టకూడదు. ఇవ్వనివారికి సంఘం మేళ్లు నిరాకరించకూడదు. చందా ఇస్తేనే చేర్చుకుంటామనకూడదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ చట్టం స్థానంలోకి వచ్చింది. ప్రత్యేక నిధి అనే ఏర్పాటు అందులోనూ ఉంది.

అయితే అధ్యాపక సంఘాల్లో చాలావాటికి ఈ రక్షణ నేరుగా అందదు. బోధన చేసేవారు పారిశ్రామిక వివాదాల చట్టం దృష్టిలో ‘వర్క్‌మన్’ కారని సుప్రీంకోర్టు 1988లో సుందరాంబాళ్ కేసులో చెప్పింది. కార్మిక చట్టాల నీడ అలా సన్నబడడం వల్ల కూడా ఎన్నో అధ్యాపక సంఘాలు 1860 నాటి సొసైటీల చట్టం కింద నమోదై నడుస్తున్నాయి. ఆ చట్టంలో రాజకీయ నిధి గురించి 16వ సెక్షన్ వంటి ఏర్పాటు లేదు. కాబట్టి సభ్యత్వ రుసుములో ఎంత భాగం బులెటిన్‌కు, ఎంత భాగం కోర్టు కేసులకు, ఎంత భాగం ఎన్నికల ప్రచారానికి వెళుతుందో చెప్పాల్సింది సంఘం నిబంధనావళే. ఏటా జరిగే సర్వసభ్య సమావేశంలో జమాఖర్చుల పట్టిక చదివేటప్పుడు ‘ఇతర ఖర్చులు’ అన్న పద్దు దగ్గర చేయి ఎత్తి ప్రశ్నించే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. ఆ ప్రశ్న అడిగినవారిని సంఘ ద్రోహిగా చూడడం తప్పు.

అమెరికాలో విశ్వవిద్యాలయ అధ్యాపక సంఘాలు రెండో పద్ధతిలో, అంటే పార్టీల అభ్యర్థులను పేరుపెట్టి బలపరచడంలో, ఎంతో ముందుకు వెళ్లాయి. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీలో సుమారు 30 వేల మంది అధ్యాపకులకు, సిబ్బందికి ప్రాతినిధ్యం వహించే ప్రొఫెషనల్ స్టాఫ్ కాంగ్రెస్ నగర, రాష్ట్ర ఎన్నికల్లో అభ్యర్థులకు బాహాటంగా మద్దతు ప్రకటిస్తుంది. ఆ విశ్వవిద్యాలయ బడ్జెట్‌ను నిర్ణయించేది నగరమూ రాష్ట్రమే కనుక ఇందులో ఆశ్చర్యం లేదు. కానీ జాతీయ ఎన్నికల్లో అభ్యర్థులకు సంఘం సాధారణ నిధి నుంచి విరాళం ఇవ్వడాన్ని 1947 నుంచే అక్కడి చట్టం నిషేధించింది; అందుకు సభ్యులు స్వచ్ఛందంగా ఇచ్చిన డబ్బుతో వేరే ఖాతా నడపాలి. మన 1926 చట్టం చెప్పినదీ దాదాపు ఇదే కదా.

నిర్ణయం ఎవరు తీసుకోవాలన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపక సంఘంలో ఈ ముడిని ఒక రకంగా బయటికే విప్పేశారు: వామపక్ష భావాల డీటీఎఫ్, సంఘ్ పరివార్‌కు చెందిన ఎన్‌డీటీఎఫ్, ఇంకా ఇతర పార్టీలకు దగ్గరగా ఉన్న వేదికలు సంఘం లోపలే పోటీ చేస్తాయి. ఎవరు ఏ వైపో ఓటరుకు ముందే తెలుసు. మన విదర్భలో అలా కాదు. నుటా అని మనం పిలుచుకునే నాగపూర్ విశ్వవిద్యాలయ అధ్యాపక సంఘం నాయకుడు ప్రొఫెసర్ బీ.టీ. దేశ్‌ముఖ్ అమరావతి పట్టభద్రుల స్థానం నుంచి 2010 దాకా 30 ఏళ్లు విధాన పరిషత్తులో ఉన్నారు. ఆ కాలంలో నుటా బులెటిన్‌లో జీఆర్‌లు (ప్రభుత్వ ఉత్తర్వులు), కోర్టు తీర్పులు, సభలో అడిగిన ప్రశ్నలు పక్కపక్కనే అచ్చయ్యేవి. ఏ సభ్యుడి కష్టం ఏ ప్రశ్నగా మారిందో చదివేవారికి తెలిసేది. మద్దతు అంటే నాకు తోచే మంచి నమూనా అదే. ఇప్పుడు చాలా సంఘాల్లో కార్యవర్గం నాగపూర్‌లో కూర్చుని పేరు నిర్ణయిస్తుంది; అది సిరొంచాకు చేరేసరికి ప్రచారానికి నాలుగు రోజులు మిగులుతాయి. గడ్చిరోలి జిల్లా కేంద్రానికే మాకు 200 కిలోమీటర్లకు పైగా దూరం. అభిప్రాయం చెప్పడానికి వెళ్లిరావడమంటే రెండు రోజుల సెలవు.

2013లో ఫిబ్రవరి నుంచి మే దాకా మహారాష్ట్ర అధ్యాపకులు పరీక్షల పని బహిష్కరించారు. నెట్, సెట్ అనే అర్హత పరీక్షలు పాసవకుండా 1990ల్లో చేరినవారి సేవలను గుర్తించడం, బకాయిల చెల్లింపు అప్పటి ముఖ్య డిమాండ్లు. ఉద్యమం ముగిశాక 71 రోజుల వేతనం నిలిపివేశారు. దాని కోసం ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఆ 71 రోజుల మాట ఎత్తని అభ్యర్థికి అప్పట్లో ఏ కళాశాలలోనూ వినే చెవి ఉండేది కాదు. ఒక వేతన బిల్లు అలా ఓటును నిర్ణయించింది. సంఘం ఎవరినైనా బలపరిచేటప్పుడు బులెటిన్ చివరి పుటను ఎదురుగా పెట్టుకుని, ఈ ఏడాది ఆగిన ప్లేస్‌మెంట్లు ఎన్ని, చనిపోయిన సభ్యుల కుటుంబాలకు అందని బకాయిలు ఎన్ని అని అభ్యర్థిని అడిగితే, ఆ జవాబులు మొదటి పుటలో అచ్చువేస్తే, సభ్యులకు వేరే ప్రచారం అక్కరలేదు.

కానీ ఆ చివరి పుటలోకి రానివారు కూడా ఉన్నారు. మా వైపు కళాశాలల్లో సగం పాఠాలు గంట లెక్కన జీతం తీసుకునే సీహెచ్‌బీ అధ్యాపకుల మీదే నడుస్తున్నాయంటే అతిశయోక్తి అనిపించదు. ఏటా కొన్ని నెలలే నియామకం ఉండడం వల్ల ఆరేళ్లలో మూడేళ్ల బోధన చూపడం వారికి కష్టం. ధ్రువపత్రం దొరకడం ఇంకా కష్టం. సంఘం సభ్యత్వం వారికి చాలాచోట్ల లేదు. ‘అధ్యాపకులందరి తరఫున’ అని మొదలయ్యే మద్దతు ప్రకటన వారిని అడిగి రాసినది కాదు.

నాతోపాటు తొమ్మిదేళ్లు అదే స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్న ఒక సీహెచ్‌బీ సహోద్యోగి నిరుడు వానాకాలంలో జ్వరంతో పోయారు. ప్రాణహిత అవతలి ఊరి మనిషి. పిల్లలు తెలుగులో అడిగితే తెలుగులో, మరాఠీలో అడిగితే మరాఠీలో చెప్పేవారు. బులెటిన్‌కు నేను నాలుగు వాక్యాల సంతాప వార్త రాసి పంపాను. ఆయన సభ్యుడు కానందువల్ల వేయలేమని మర్యాదగానే జవాబు వచ్చింది. అది నిబంధన ప్రకారం సరైన జవాబే. అందుకే వచ్చే సర్వసభ్య సమావేశానికి మా తాలూకా నుంచి రెండు తీర్మానాలు పంపాం: సీహెచ్‌బీ అధ్యాపకులకు తగ్గించిన రుసుముతో సభ్యత్వం ఇవ్వాలన్నది ఒకటి, మద్దతు ప్రకటనకు ముందు ప్రతి తాలూకాలోనూ సభ్యుల ఓటు తీసుకోవాలన్నది మరొకటి. వాటితోపాటు ఆ నాలుగు వాక్యాలను కూడా మళ్లీ జతచేసి పంపాను.